ఏడుపు లేని సీను

గ్లెనా పొహోరెట్స్కీ దర్శకత్వంలోకి వచ్చి ముప్పై ఒక్క ఏళ్లు. సొంతంగా రాసుకుని తీసిన సినిమా ఒక్కటే. అది కెనడాలోని విన్నిపెగ్‌లో వారం ఆడింది. మిగతావన్నీ ఎవరో రాసి చేతిలో పెట్టిన టీవీ ఎపిసోడ్లే. చెప్పిన రోజుకి పూర్తి చేస్తుందన్న పేరు మాత్రం వచ్చింది. ఆ పేరు వింటేనే ఆమెకు ఒళ్లుమంట.

ఆ అక్టోబరులో గిమ్లీలో, సరస్సు ఒడ్డున ఉన్న లారా సిగుర్డ్‌సన్ ఇల్లు ఒక టీవీ ఎపిసోడ్ షూటింగుకి తీసుకున్నారు. చేపల వేటకు వెళ్లిన భర్త మునిగిపోయాడని పోలీసు వచ్చి చెబుతాడు, భార్య కుప్పకూలి ఏడుస్తుంది. అదీ సీను. ఎనభై ఏళ్ల లారాను పక్కింట్లో కూర్చోమంటే వినలేదు. కెమెరా వెనక కుర్చీ వేసుకుని, టేకు టేకుకీ నిట్టూర్చింది. నాలుగో నిట్టూర్పు మైకులో పడింది.

గ్లెనా హెడ్‌ఫోన్లు పీకేసింది. "మీ బాధేమిటో చెప్పేయండి లారా గారూ. అవతల వెలుతురు పోతోంది."

"ఏడుపు బాగానే ఉందమ్మాయ్. కానీ అప్పుడే ఎలా వస్తుంది? మా ఆయన మునిగిపోయిన కబురు తెచ్చినవాడు తడిసి ముద్దయ్యాడు. మా ఆయన మేజోళ్లే వెతికిచ్చాను. వాడు తొడుక్కుంటుంటే, మళ్లీ ఉతకాలి కదా అనుకున్నాను."

 గ్లెనా నటి చేతికి మేజోళ్లు ఇప్పించి, సీను అలాగే తీసింది. ఒక్క టేకు. మైకు పట్టుకున్నతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

టొరంటోలోని ఛానెల్ వాళ్లు చూసి, బాగుంది గానీ ఆమె బాధపడుతోందని జనానికి తెలియదన్నారు. గ్లెనా వారం పోట్లాడింది. తన పేరు తీసేయమని కూడా అంది. ఏడుపు సీనే ప్రసారమైంది, ఆమె పేరుతోనే.

మర్నాడు లారా ఫోను చేసింది. "మేజోళ్ల సీను ఏదమ్మాయ్?"

"తీసేశారు."

"నువ్వు కదా దర్శకురాలివి?"

"నేనూ అదే అడుగుతున్నానండీ, ముప్పై ఏళ్లుగా."

ఎవరికీ చూపకూడదని సంతకం పెట్టి ఉన్నా, ఆదివారం గ్లెనా ఆ టేకును కంప్యూటర్లో పెట్టుకుని గిమ్లీ వెళ్లింది. లారా రెండుసార్లు చూసింది. లేచి, ఎండు ప్లమ్ పళ్ల కేకు కోసి పెట్టింది. ఆ తర్వాతే, ఇప్పుడేం తీస్తున్నావని అడిగింది.

"సడ్‌బరీలో. ఆసుపత్రి సీరియలు."

"అందులోనూ ఏడుస్తారా?"

"మూడుసార్లు," అంది గ్లెనా, కేకు ముక్క అందుకుంటూ.