సామ్రాజ్యంగారు నింపిన తూటా

నేను ఒక ఇత్తడి తూటా గుల్లను. చిటికెన వేలంతే ఉంటాను గానీ, వంద గజాల అవతలున్న నల్ల చుక్కను ఎన్నిసార్లు పొడిచి వచ్చానో వినడానికి మీకు ఓపిక చాలదు.

నవ్వకండి. సరే, పొడిచింది నేను కాదు. నా మూతిలో కూర్చున్న గుండు పోయి పొడుస్తుంది. నేను రైఫిల్ పక్కనే గడ్డిలో పడి పొగలు కక్కుతూ ఉంటాను. అయినా, పెళ్ళికొడుకును ముస్తాబు చేసి పంపినవాళ్ళకు మాత్రం గొప్ప ఉండదా?

ఒకసారి పేలాక నేను చెత్తలో కలవాల్సినవాణ్ణి. గుంటూరు దగ్గర ఒక రైఫిల్ క్లబ్బులో పానకాలుగారు నన్ను ఏరి తెచ్చి, భార్య సామ్రాజ్యంగారి చేతిలో పెట్టారు. ఆయన కాలుస్తారు, ఆవిడ నింపుతారు. లైసెన్సులన్నీ ఉన్న ఇల్లే, భయపడకండి.

ఆవిడ పని చూసి తీరాలి. ఉబ్బిన నా మెడను అచ్చులో నొక్కి సరిచేస్తారు. సాగిన మూతిని గీరి తోటివాళ్ళతో సమానం చేస్తారు. తుపాకి మందు తూచేటప్పుడు పంకా ఆపి, ఊపిరి బిగబడతారు. కొలత రవ్వంత మార్చినప్పుడల్లా కొన్ని కాల్పించి, కాగితం మీద చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయో చూస్తారు. చలికాలమంతా ఇదే తంతు. చివరికి ఒక కొలత దగ్గర చిల్లులన్నీ రూపాయి బిళ్ళ కింద దాగేంతగా దగ్గరపడ్డాయి. "కుదిరిందండీ" అన్నారావిడ, పులుసులో ఉప్పు సంగతి చెప్పినట్టు.

ఎండాకాలంలో పోటీ వచ్చింది. ముందురోజు మైదానంలో కాల్చి చూస్తే గుండ్లన్నీ చుక్కకు పైన పడ్డాయి. మా వాడొకడు పేలాక రైఫిల్లోనే ఇరుక్కుపోయాడు. పెట్టెలో తర్వాతి వంతు నాదే. పానకాలుగారు వాణ్ణి గుంజి గుంజి బయటికి లాగి, కాల్చడం ఆపేశారు.

"మా నాయన రైఫిలని మోశా ఇన్నాళ్ళూ. ముసలిదైపోయింది. రేపు కూడా ఇట్టాగే అయితే క్లబ్బుకిచ్చేసి చేతులు దులుపుకుంటా."

సామ్రాజ్యంగారు మా పెట్టె మీద చెయ్యి వేసి, చురుక్కుమనడంతో తీసేశారు.

"ఏవండీ, దీన్ని పొద్దున యాడ పెట్టారు?"

"డాబా మీద, నీ వడియాల పక్కన. చెమ్మేమన్నా ఉంటే పోద్దని."

"బాగుంది. నూనెలో కూడా వేయించకపోయారా."

"వెటకారం ఆపు. ఎండకి ఏమవుద్ది?"

"ఎండలో తిరిగొచ్చాక మీకేమవుద్దో అదే. మందుక్కూడా తిక్క రేగుద్ది."

మర్నాడు ఆవిడ మమ్మల్ని నీడలో ఉంచి, ఒక్కొక్కరినే ఆయనకు అందించారు. చిల్లులన్నీ ఒకేచోట గుంపుగా పడ్డాయి. కాకపోతే చుక్కకు ఎడమ పక్కన. పానకాలుగారు గాలిని లెక్కచేయలేదు మరి. కప్పు ఎవరికో పోయింది. అయినా గెలిచినవాడితో సహా అందరూ ఆ గుంపు చుట్టూ మూగారు. అప్పుడు పానకాలుగారు పదిమందిలో నిలబడి, "రైఫిలు తప్పు లేదు, తూటా తప్పు లేదు. ఈ గుంపు మా ఆవిడ చేతి పని" అన్నారు.

ఇప్పుడు నా మెడ చిట్లింది, ఇక మందు పట్టను. ఆవిడ నన్ను కుట్టుమిషను సొరుగులో గుండీల మధ్య పడుకోబెట్టారు. కబుర్లు చెప్పడం తప్ప పని లేదు కదా, మీకొక అబద్ధం చెప్పాను. పానకాలుగారు పదిమందిలో ఆ మాట అననే లేదు. చిల్లుల కాగితం మడిచి జేబులో పెట్టుకుని, స్కూటరెక్కి, రైఫిల్ సంచి వెనక కూర్చున్న ఆవిడ ఒళ్ళో పెట్టి, "వచ్చే ఆదివారానికి ఎన్ని నింపుతావు?" అన్నారు. అంతే.