రెండో పేజీకి జారిన పేరు

బాలరాజు చేపలు కొట్టే కత్తితో ఒక్కటేస్తే బిందు షాపు అద్దం భళ్లున పగిలింది. శామీర్‌పేటలో కార్డులు అచ్చేసే చిన్న షాపు ఆమెది. అతని పిడికిట్లో తండ్రి మొగులయ్య దశదినకర్మ కార్డు నలిగిపోయింది.

"గీ కార్డుల నా పేరేది? రెండో పెండ్లాం కొడుకునని అన్న తీసెయ్యమన్నడా?"

ఆమె నోరు తెరిచేలోపే కత్తితో అన్న ఇంటివైపు ఉరికాడు. పెద్దభార్య కొడుకు మహేందరే ఆ కార్డు వేయించింది.

కులపెద్దల ముందు మహేందర్ ఇద్దరి పేర్లూ రాయించడం బిందు కళ్లారా చూసింది. మరి పేరేమైంది? పాత విండోస్ మొరాయిస్తుంటే పోయిన వారమే కంప్యూటర్‌లో లినక్స్ వేయించుకుంది. ఉచితమని సంబరపడింది కూడా! ఫైలు తెరిచింది. లినక్స్‌లో పాత తెలుగు ఫాంటు లేక అక్షరాలు లావై, వరుసలు కిందికి జరిగాయి. బాలరాజు పేరు రెండో పేజీలో ఒంటరిగా ఉంది. తను అచ్చేసింది మొదటి పేజీ ఒక్కటే. నెత్తి బాదుకుని, ఆ పేజీ ప్రింటు తీసుకుని పరుగెత్తింది.

వాకిట్లో మహేందర్ వెల్లకిలా పడి ఉన్నాడు. తల పగిలి నెత్తురు కంట్లోకి కారుతోంది. బాలరాజు అతని రొమ్ము మీద మోకాలు వేసి కత్తి ఎత్తాడు. ఆడవాళ్లు కేకలు పెడుతున్నారు గానీ దగ్గరికెళ్లే మొనగాడు ఒక్కడూ లేడు. బిందు వెళ్లి కత్తి పట్టుకుంది. అరచెయ్యి తెగింది.

"రాజన్నా, తప్పు నా కంప్యూటర్ది! గిదిగో నీ పేరు, రెండో పేజీల పడ్డది."

బాలరాజు కాగితం చూశాడు. కత్తి మాత్రం దించలేదు.

"అచ్చు కొట్టేముందు అన్నకు సూపియ్యలేదా?"

నిజానికి అచ్చుకు ముందే చూపించింది. అప్పుడు మహేందర్ ఒక్కో పేరు మీద వేలు పెట్టి చివరిదాకా చదివాడు. మళ్లీ చదివాడు. "మంచిగుంది, కొట్టియ్" అని నవ్వాడు. ఆ నవ్వేమిటో బిందుకు ఇప్పుడు అర్థమైంది. కత్తి కింద నుంచి అతని కళ్లు ఆమెను బతిమాలుతున్నాయి. ఒళ్లు మండిపోయింది. చావనీ అనిపించింది.

"సూపియ్యలే," అంది.

కత్తి జారిపడింది. బాలరాజు భోరుమని ఏడుస్తూ తువ్వాల చింపి అన్న తలకు కట్టాడు. "నిన్ను అనుమానపడ్డనే అన్నా, తప్పయింది" అని కాళ్లు పట్టుకున్నాడు.

మహేందర్ ఇప్పుడైనా నిజం ఒప్పుకుంటాడేమోనని బిందు చూసింది. అతను కాళ్లు కూడా వెనక్కి తీసుకోలేదు.