గుండె కింద వాల్వు

నాగలకోట మునిసిపాలిటీలో ఛైర్మన్లు మారారు, కమిషనర్లు మారారు, రోడ్ల మీది గుంతలు కూడా అటూ ఇటూ జరిగాయి. పంతొమ్మిదేళ్లుగా మారకుండా ఉన్నది నీళ్లు వదిలే కంబన్న ఒక్కడే. వాల్వులు తిప్పే ఆరడుగుల ఇనుప రాడ్డు సైకిలుకు కట్టుకుని అతను ఏ సందులోకి తిరిగితే ఆ సందులో ఆడవాళ్లు పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే వదిలి బిందెలతో బయటికొచ్చేవారు. ఐదు రోజులకొకసారి, ముప్పావు గంట. అంతే నీళ్లు. పెళ్లి ముహూర్తాలు కూడా కంబన్నను అడిగాకే పెట్టుకునేవారని ఊళ్లో చెప్పుకుంటారు. ఒక ఇంట్లో పురోహితుడు మంగళవారం అంటే కంబన్న గురువారం అన్నాడట. పెళ్లి గురువారమే జరిగింది, పురోహితుడు ఆ రోజు రెండుసార్లు స్నానం చేశాడట.

ఇంత పెద్దరికం ఉన్నా కంబన్నది పర్మనెంటు ఉద్యోగం కాదు, అవుట్‌సోర్సింగు. ఏడాదికొకసారి ఒక కాగితం వచ్చి, ఇంకో ఏడాది ఉండమంటుంది. ఆ కాగితం రాని రోజు ఎలా ఉంటుందో తలుచుకుంటే అతనికి అన్నం సహించేది కాదు. అందుకని చాలా ఏళ్ల కిందటే ఒక ఉపాయం చేశాడు. ఊళ్లో నలభై ఆరు వాల్వులు. అవి ఎక్కడెక్కడున్నాయో తనకు తప్ప ఇంకెవరికీ తెలియకుండా చూసుకున్నాడు. నీళ్లు వదిలి కట్టేయగానే ఇనుప మూత మీద మట్టి కప్పేవాడు. మట్టి మీద కొన్నిచోట్ల చెత్త పోసేవాడు, కొన్నిచోట్ల పసుపు రాసిన రాయి పెట్టేవాడు. పసుపు రాయి ఉన్నచోట ఎవరూ చెయ్యి పెట్టరని అతని నమ్మకం.

ఆ నమ్మకం అవసరమైన దానికంటే ఎక్కువ ఫలించింది. మూడో వార్డులో ఒక వాల్వు మీది రాయికి జనం కొబ్బరికాయలు కొట్టడం మొదలుపెట్టి, రెండేళ్లలో గుడి కట్టి, పూజారిని కూడా పెట్టారు. ఇప్పుడు ఆ వీధికి నీళ్లు వదలాలంటే కంబన్న చెప్పులు విడిచి, హారతి అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడాలి. తన వాల్వు దగ్గర తనే తీర్థం పుచ్చుకుని రాడ్డు దింపే మనిషి భూమ్మీద అతనొక్కడే అయ్యుంటాడు.

ఏడో వార్డు కౌన్సిలరు వీరభద్రకు ఒక బావమరిది ఉన్నాడు. పేరు హనుమేష్. బీఎస్సీ చదివి, గ్రూపు పరీక్షలు నాలుగుసార్లు రాసి, బెంగళూరులో రెండేళ్లు అన్నం పొట్లాలు ఇంటింటికీ మోసి, మోకాళ్లు అరిగి వెనక్కొచ్చాడు. తమ్ముడికి ఏదో ఒక మునిసిపాలిటీ పని చూడకపోతే ఓట్లడగడానికి తాను వెంట రానని వీరభద్ర పెళ్లాం తేల్చి చెప్పింది. వీరభద్ర ఊరంతా వెతికితే ఖాళీ ఉద్యోగం ఒక్కటీ కనబడలేదు. ఖాళీ చేయించదగ్గ ఉద్యోగం మాత్రం ఒకటి కనబడింది. అది కంబన్నది. ఈ సంగతి కంబన్నకు చెప్పినవాళ్లు ఒకరు కాదు, పదిమంది. ఇలాంటి కబుర్లు మోయడానికి నాగలకోటలో మనుషుల కొరత ఎప్పుడూ లేదు.

అదే సమయంలో ఊరి అందం కోసమని నిధులొచ్చాయి. బస్టాండు సర్కిల్లో నిలువెత్తు అక్షరాలతో ‘ఐ లవ్ నాగలకోట’ అని పెట్టాలని కౌన్సిలు తీర్మానించింది. లవ్ అన్న మాటకు బదులు ఎర్రటి గుండె బొమ్మ, దాని లోపల దీపాలు. నీళ్ల పైపులకు దుడ్లు లేవంటారు, గుండెకాయకు యాడినుంచి వచ్చినాయని టీకొట్ల దగ్గర జనం గొణిగారు. వీరభద్ర ఓపికగా వివరించాడు. ఇది అందం పద్దు కింద వచ్చిన సొమ్ము, నీళ్లకు వాడితే అందం పద్దు వాళ్లు ఊరుకోరు, నీళ్ల పద్దు కింద అర్జీ పెట్టి నాలుగేళ్లయింది, అది ఇంకా దారిలోనే ఉంది. ఎన్నికల కోడ్ వచ్చేలోగా రిబ్బను కత్తిరించాలని అందరికంటే ఎక్కువ తొందరపడింది అతనే.

పని మొదలయ్యే ముందు మునిసిపల్ ఇంజనీరు సర్కిల్లో నిలబడి కంబన్నను పిలిపించాడు. ఇంజనీరు పక్కనే హనుమేష్ చేతిలో ఒక నోటుపుస్తకం పట్టుకుని ఉన్నాడు. కంబన్న కళ్లు ఆ నోటుపుస్తకం మీద పడ్డాయి.

“కంబన్నా, ఇక్కడ కింద ఏమన్నా వాల్వు ఉందా?” అని అడిగాడు ఇంజనీరు.

ఉంది. సరిగ్గా ఇంజనీరు బూట్లకు రెండడుగుల అవతల, మట్టి నింపిన పాత లారీ టైరు కింద, ఏడో వార్డు మొత్తానికి నీళ్లిచ్చే వాల్వు. టైరులో గన్నేరు మొక్క నాటింది కూడా కంబన్నే. కాని నోటుపుస్తకాన్ని చూడగానే అతనికి సర్వం అర్థమైపోయినట్టు అనిపించింది. ఒక్కొక్క వాల్వూ ఇలా తియ్యగా అడిగి రాసుకుని, ఆఖరిది రాసుకున్న రోజున తనను ఇంటికి పంపిస్తారు.

“ఏమీ లేదు సార్. ఈడంతా ఉత్త బండ,” అన్నాడు.

హనుమేష్ ‘ఉత్త బండ’ అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

ఆ సాయంత్రమే కంబన్న కడప బస్సెక్కాడు. ఉద్యోగం నిలిస్తే చాదర్ కప్పుతానని దర్గాలో మొక్కుకుని, అక్కడి చుట్టాలింట్లో రెండు రోజులుండి, మనసు తేలిక చేసుకుని తిరిగొచ్చాడు. బస్సు దిగి చూస్తే సర్కిల్లో టైరు లేదు, గన్నేరు లేదు. వాటి చోట మంచం అంత వెడల్పు కాంక్రీటు దిమ్మె, దిమ్మె మీద ఎర్రగా వెలుగుతున్న గుండె. దాని ముందు ఊరి పిల్లలంతా ఫోటోలు దిగుతున్నారు. కంబన్న తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. పక్కనున్నవాళ్లు అతనికి ఊరంటే ఎంత ప్రేమో అనుకున్నారు.

ఐదో రోజు ఏడో వార్డులో బిందెలు వరసగా కూర్చున్నాయి. వాటిలో కంబన్న ఇంటి బిందె కూడా ఉంది, ఎందుకంటే అతని కాపురమూ ఆ వార్డులోనే. మోటారు కాలిపోయిందని చెప్పాడు. పక్క వార్డులో నీళ్లొస్తున్నాయి కదా అని అడిగితే పైపులో గాలి ఇరుక్కుందన్నాడు. గాలి ఎప్పుడు పోతుందని అడిగితే, అది దాని ఇష్టమన్నాడు.

ఆ తరువాతి ఐదో రోజు కూడా చుక్క నీళ్లు లేకుండానే గడిచింది. ఆ పది రోజుల్లో ఏడో వార్డు పడిన పాట్లు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. మంగలి షాపులో సోడా కొట్టి గడ్డాలు గీశారు. మహానంది యాత్రకు పోయొచ్చిన లక్ష్మక్క తెచ్చిన రెండు క్యాన్ల కోనేటి నీళ్లకు ఆమె ఇంటి ముందు జనం బారులు తీరారు. ఆమె తలా ఒక చెంచాడు తీర్థం ఇచ్చి, మిగిలిన నీళ్లతో పప్పు ఉడికించింది. అంత పుణ్యమైన పప్పు తాను పుట్టి ఎన్నడూ తినలేదని ఆమె మొగుడు అన్నాడట. వీరభద్ర ట్యాంకరు తెప్పిస్తే, అప్పటికే కోడ్ వచ్చేయడంతో, దాని మీద పార్టీ గుర్తు ఉందని ఎన్నికలవాళ్లు ఆపేశారు. గుర్తు గీకి తీసేలోపల ట్యాంకరు చిల్లుల్లోంచి సగం నీళ్లు కారి రోడ్డు మాత్రం చల్లబడింది.

వీరభద్ర మీద పోటీకి నిలబడిన ప్రసన్నకుమారి చర్చి వీధిలో బట్టలు కుట్టే మనిషి. ఆమెకు మైకు లేదు, జీపు లేదు. ఖాళీ బిందె ఒకటి చంకన పెట్టుకుని ఇంటింటి ముందూ నిలబడి, గంటెతో మూడుసార్లు కొట్టి ముందుకు పోయేది. ఆ మూడు చప్పుళ్లే వీరభద్రకు నిద్ర లేకుండా చేశాయి. అతను కంబన్నను పిలిపించి, ఆదివారంలోపల నీళ్లు రాకపోతే రాడ్డు అప్పజెప్పి ఇంట్లో కూర్చోమన్నాడు.

కంబన్న బాగా ఆలోచించాడు. నిజం చెబితే అబద్ధమాడినందుకు ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే నీళ్లివ్వనందుకు పోతుంది. రెండూ ఒకటే అయినప్పుడు తన నోటితో తాను చెప్పుకోవడం దేనికి? శనివారమే పోయి రాడ్డు ఇచ్చేశాడు. ఆదివారం హనుమేష్ మెడలో దండ వేసి, చేతికి రాడ్డిచ్చి, ఫోటో తీశారు.

ఆ మర్నాడు నాగలకోటలో ఒక్క వార్డుకూ చుక్క నీళ్లు రాలేదు. హనుమేష్ పొద్దున్నుంచి రాడ్డుతో నేలను పొడుస్తూ తిరిగాడు. ఒకచోట రాడ్డు ఎవరిదో మరుగుదొడ్డి గుంతలో దిగి, దాన్ని బయటికి లాగడానికి నలుగురు కావలసొచ్చింది. మూడో వార్డు గుళ్లోకి పోతే, స్నానం చేయకుండా వచ్చావని పూజారి గెంటేశాడు. స్నానానికి నీళ్లు యాడుండాయి సామీ అని హనుమేష్ అడిగితే, అది నువ్వే చెప్పాలన్నాడట పూజారి. ఈ వార్తలన్నీ అరుగు మీద కూర్చుని వింటూ కంబన్న ఆ ఒక్కరోజు రాజులా గడిపాడు.

మంగళవారం తెల్లవారాక అతని పెళ్లాం ఈరక్క ఖాళీ కుండ తెచ్చి అతని ముందు బోర్లించింది. మన వార్డు వాల్వు యాడుండాదో నీకు తెలిసే ఉంటాది, చెప్పమని కూర్చుంది. పంతొమ్మిదేళ్లు ఊరికి దాచినవాడు పెళ్లాం ముందు పావుగంట కూడా దాచలేకపోయాడు. లారీ టైరు, గన్నేరు మొక్క, నోటుపుస్తకం, ఉత్త బండ, అన్నీ చెప్పేశాడు.

“ఊరికి నీళ్లిచ్చేవాని పెండ్లాన్నని ఇన్నేండ్లు తలెత్తుకోని తిరిగినా,” అంది ఈరక్క. “నీళ్లు దాచిపెట్టుకున్నోని పెండ్లాన్నని యాడ తిరగాలప్పా నేను?”

అంతలోనే హనుమేష్ వచ్చాడు. రాడ్డును గోడకు ఆనించి అరుగు మీద కూలబడ్డాడు. చొక్కా మీద మట్టి, మెడలో ఇంకా మొన్నటి దండ దారం.

“మామా, నీ ఉద్యోగం నాకొద్దు. ఒక్క వాల్వు చూపించు, సాలు. యా వీధిలోకి పోయినా బిందెలు ఇసిరేస్తాండారు.”

“నన్ను తీసెయ్యాలనే కదా ఆ పొద్దు నోటుపుస్తకం తెచ్చింటివి?”

“అది మా అక్క రాసిచ్చిన సరుకుల చీటీ పుస్తకం మామా. ఇంజనీరు ముందర ఉత్త చేతులతో నిలబడితే బాగుండదని పట్టుకున్నా.”

కంబన్న లేచి రాడ్డు తీసుకున్నాడు. ఈరక్క గడ్డపార తీసుకుంది.

సర్కిల్లో గుండె ముందర అప్పటికే ఏడో వార్డు ఆడవాళ్లు ఖాళీ బిందెలతో బైఠాయించి ఉన్నారు. ప్రసన్నకుమారి ఉంది. వాళ్లకు సర్ది చెప్పడానికి వీరభద్ర, ఇంజనీరు వచ్చి ఎండలో నిలబడి ఉన్నారు. కంబన్న అందరి మధ్యకూ పోయి రాడ్డు నేలకు ఆనించాడు.

“వాల్వు ఈ గుండె కిందుండాది. ఉందా అని సారు నన్నడిగినాడు. లేదంటిని. నా ఉద్యోగం యాడ పోతాదోనని అబద్ధం చెప్తిని. తప్పు నాదే.”

అందరూ ఒకేసారి తలా ఒకటి అన్నారు. ఆ అన్నవాటిలో కాగితం మీద పెట్టదగ్గవి తక్కువ. ఇంజనీరు చెయ్యెత్తి, కోడ్ ఉన్నంతవరకు కొత్త పనులేవీ పట్టకూడదని, గుండెను పగలగొట్టాలంటే పైనుంచి అనుమతి రావాలని, పది రోజులు ఓపిక పట్టమని చెప్పాడు. ఆయన ఇంకా చెబుతుండగానే ఈరక్క గడ్డపార దిమ్మెకు దిగింది. కట్టడం కోడ్‌లో ఉందేమో గాని పగలగొట్టడం గురించి ఎవరూ రాయలేదని ప్రసన్నకుమారి అంది. కాంట్రాక్టరు సిమెంటు ఎంత పొదుపుగా వాడాడో అప్పుడు బయటపడింది. నాలుగు దెబ్బలకే దిమ్మె అటుకుల మూటలా విడిపోయింది. గుండె పక్కకు ఒరిగి వీరభద్ర భుజం మీద ఆగింది. ఆయన దాన్ని మోస్తూ అలాగే నిలబడిపోయాడు.

కంబన్న గుంతలో దిగి రాడ్డు తగిలించి పద్దెనిమిది చుట్లు తిప్పాడు. ఏడో వార్డు మొదటింట్లోంచి నీళ్లొచ్చాయన్న కేక వినబడేదాకా పైకి రాలేదు. వచ్చాక రాడ్డు ఇంజనీరు కాళ్ల దగ్గర పెట్టి, ఇంటికి నడిచిపోయాడు.

ఎన్నికల్లో ప్రసన్నకుమారి నలభై ఒక్క ఓట్లతో గెలిచింది. నీళ్లు ఆగకూడదని రాడ్డు మళ్లీ కంబన్న చేతికే ఇచ్చారు గాని, అబద్ధమాడినందుకు అతన్ని తీసేయాలని మొదటి సమావేశంలోనే కాగితం వచ్చింది. తీసేస్తే మిగతా వాల్వులు ఎవరు చూపిస్తారని ఆమె అడిగింది. ఆఫీసులో పటం లేదా అని కొత్త ఛైర్మన్ గుమాస్తాను అడిగాడు. ఉండేదని, చెదలు తిన్నాయని, తిన్నట్టు రసీదు మాత్రం ఉందని గుమాస్తా చెప్పాడు. దాంతో తీర్మానం మారింది. వాల్వులన్నిటికీ పటం తయారయ్యేవరకు కంబన్న కొనసాగాలి. పటం గీయడానికి, చదువుకున్నవాడు కాబట్టి, హనుమేష్‌ను తాత్కాలికంగా తీసుకోవాలి. పటం పూర్తయిన రోజున ఇద్దరి పనీ పూర్తయినట్టే.

ఆ వాక్యాన్ని ఇద్దరూ రెండుసార్లు చదివించుకున్నారు.

అప్పటినుంచి నాగలకోటలో ఒక్కొక్క వాల్వుకూ జరిగే కొలత చూడ్డానికి పక్క ఊళ్లవాళ్లు వస్తున్నారని అంటారు. టేపు తూర్పునుంచి ఒకసారి, పడమరనుంచి ఒకసారి పరుస్తారు. రెండు కొలతలూ కలవకపోతే టీ తాగొస్తారు. కలిస్తే, అనుమానం తీరడానికి మళ్లీ కొలుస్తారు. నీళ్లు మాత్రం చెప్పిన రోజుకు చెప్పిన వేళకు వస్తున్నాయి.

ఏడాది గడిచాక ప్రసన్నకుమారి వచ్చి పటం చూపించమంది. హనుమేష్ విప్పి చూపించాడు. ఐదు వాల్వులున్నాయి, ఒక్కొక్కదాని పక్కన అందమైన పువ్వు.

“ఏడాదికి ఐదా నాయనా? మిగతావి ఎప్పుడయితాయి?”

“అయితాయి లేమ్మా. వరస రాసుకున్యాం,” అన్నాడు కంబన్న.

ఆమె ఆ వరస చీటీ తీసుకుని కింది వరకు చదివింది. అట్టడుగున, నలభై ఆరోది, ఛైర్మన్ ఇంటి వీధిది; అది పటమెక్కేదాకా ఛైర్మన్ కూడా వీళ్లిద్దరినీ కదిలించలేడు. ఆమె చీటీని నాలుగు మడతలు పెట్టి కంబన్నకే తిరిగిచ్చింది.

“నిదానంగానే గీయండి,” అంది. “తప్పులు రాకుండా.”