ముప్పై ఒకటో పేజీ

ఆ ప్రశ్నను మింగేసింది మీరే. ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్మి, అది వాడే పద్ధతంటూ పుస్తకం అచ్చేసి, అట్ట మీద రంగుల బొమ్మ వేసుకుని మురిసిపోయిన మీరే. ఒక ఆడమనిషి ఎర్ర పెన్సిలుతో రాసిన ఒకే ఒక్క వాక్యం మీ బీరువా మీదే పడి ఉంది. ఒక్కరూ తలెత్తి చూడలేదు. నష్టం జరిగాక మాత్రం అందరికీ తలలు లేచాయి. కామాలు దిద్దే ఆవిడ తప్పు, అన్నారు. అసలు జరిగింది ఇది. వినండి.

నజీరాకు అప్పటికి నలభై మూడేళ్లు. ఏలూరు రోడ్డులో ఒక అచ్చాఫీసులో పద్దెనిమిదేళ్లు ప్రూఫులు దిద్దింది. సీసం అక్షరాలన్నీ తూకానికి పోయి, అచ్చాఫీసుకు తాళం పడ్డాక, రెండువేల రెండు వేసవిలో బందరు కాలవ పక్కన మేడ మీదున్న ఒక కంప్యూటర్ కంపెనీలో చేరింది. కంకిపాడు, పామర్రు లాంటి ఊళ్లలో చిన్న చిన్న కాన్పుల ఆసుపత్రులుంటాయి కదా, వాటికి రికార్డులు దాచుకునే సాఫ్ట్‌వేర్ చేసి అమ్మే కంపెనీ. సాఫ్ట్‌వేర్ ఆ జనవరి నుంచే ముప్పై ఎనిమిది ఆసుపత్రుల్లో నడుస్తోంది. పుస్తకం ఒక్కటే బాకీ. ఇంజనీర్లు తెలుగులో రాసి పడేశారు. చుక్క ఉండాల్సిన చోట కామా, కామా ఉండాల్సిన చోట ఖాళీ. అందుకని నజీరాను పిలిచారు.

మొదటి రోజే ఓనరు జాన్ పాల్ గీత గీసేశాడు.

"నజీరా గారూ, మీరు చుక్కలూ కామాలూ చూడండి, చాలు. మాటల జోలికి మాత్రం వెళ్లొద్దండీ. మాటలు మా ఇంజనీర్లవి."

"చుక్కలైనా నావేనాండీ?"

"మీవే. ఎన్ని కావాలంటే అన్ని పెట్టుకోండి," అని నవ్వాడు.

చెడ్డవాడేం కాదు. తొందర మనిషి. తొందర మనుషులు చేసే చెరుపు చూశాక చెడ్డవాళ్లే నయమనిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆఫీసంతా మగతలో ఉండేది. కిటికీ కింద కాలవలో గుర్రపుడెక్క దుబ్బులు దుబ్బులుగా, కదిలీ కదలనట్టు పోతూ ఉండేది. నజీరా ప్రూఫు ముందు పెట్టుకుని, గొంతు తగ్గించి పైకి చదివేది. అది అచ్చాఫీసు అలవాటు. అక్కడ ఒకరు చదువుతుంటే ఒకరు దిద్దేవాళ్లు. మాటలతో పాటు గుర్తుల్ని కూడా పలికేవాళ్లు.

"తల్లి పేరు కామా ఊరు కామా కాన్పు తేదీ కామా బిడ్డ బరువు ఫుల్‌స్టాప్."

మొదట్లో ఇంజనీర్లు మూతులు మూసుకుని నవ్వారు. వారం తిరిగేసరికి ఆ పాటకి వాళ్లకే నిద్ర ముంచుకొచ్చేది.

చదవగా చదవగా నజీరాకు పేజీ కాలవైపోయేది. కామా దగ్గర నీళ్లు కాస్త నెమ్మదించేవి. ఫుల్‌స్టాప్ దగ్గర లాకు తలుపులు మూసుకునేవి. పడవ ఆగేది, నీళ్లు సమానమయ్యేదాకా కదలకుండా నిలబడేది, తలుపులు మళ్లీ తెరుచుకునేవి. ఆ పడవలో ఎప్పుడూ ఒకామె కూర్చుని ఉండేది. తెల్లచీర, ఎడమ చేతికి గడియారం. మొహం కనిపించేది కాదు. వేలు మాత్రం కనిపించేది. ఏ మీట నొక్కమంటే ఆ మీట నొక్కడానికి సిద్ధంగా, గాలిలో ఆగి ఉన్న వేలు.

ఆ వేలిని నజీరాకు ఇచ్చింది వెంకటప్పయ్య గారు. అచ్చాఫీసులో ఫోర్‌మాన్. ఐదో తరగతి దాటని మనిషి, అక్షరం మీద ఈగ వాలినా ఒప్పుకునేవాడు కాదు. "వాక్యం మీద నీ వేలు పెట్టకమ్మాయ్, చదివేవాడి వేలు పెట్టు. నీకు తెలిసింది వాడికి తెలియదు. వాడు పడే చోట నువ్వే ముందు పడాలి," అనేవాడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ముప్పై ఒకటో పేజీ వచ్చింది. సంవత్సరం ముగింపు. డిసెంబరు ముప్పై ఒకటిన ఏం చేయాలో చెప్పే పేజీ. "పాత సంవత్సరాన్ని తుడవండి ఫుల్‌స్టాప్," అని చదివింది నజీరా. పడవ లాకు దగ్గర ఆగింది. "తరువాత ఫ్లాపీలోకి కాపీ తీసుకోండి ఫుల్‌స్టాప్." తలుపులు తెరుచుకున్నాయి.

అవతల కాలవ లేదు. నీళ్లు లేవు, గట్లు లేవు, వరిచేలు లేవు. తెల్లగా, ఏమీ రాయని కాగితంలా ఉంది. తెల్లచీరామె వేలు ఇంకా గాలిలోనే ఉంది.

నజీరా ఉలిక్కిపడి కళ్లు తుడుచుకుంది. మాటలు తనవి కావు. ముట్టుకోకూడదు. ముందు చుక్కలు సరిచేసింది. ఒక కామా తీసేసి, రెండు వాక్యాల్నీ అద్దంలా శుభ్రం చేసింది. ఆ తరువాత పక్కన ఖాళీలో ఎర్ర పెన్సిలుతో రాసింది: ముందు తుడిచేస్తే, తరువాత కాపీలోకి ఏం వస్తుంది? రాసి, చుట్టూ సున్నా చుట్టింది.

ఆ సున్నా సంగతి చెప్పాలి. అచ్చాఫీసులో సున్నా చుట్టిన మాట అచ్చుకు కాదు, మనిషికి. అక్షరాలు పేర్చే కంపోజిటరు దాన్ని ముట్టుకోడు. అలాగే కట్టలో పెట్టి వెంకటప్పయ్య గారికి ఇస్తాడు. ఆయన కట్ట చంకలో పెట్టుకుని, సైకిలెక్కి, రాసినవాడి ఇంటికి పోయి గుమ్మంలో నిలబడేవాడు. జవాబు వచ్చేదాకా ఫారం, అదే అచ్చెక్కే అక్షరాల చట్రం, బిగించేవాడు కాదు. రాసినవాడు ఎంత పెద్దవాడైనా అంతే.

ఈ ఆఫీసులో నజీరా దిద్దిన ప్రూఫులు చూసి కంప్యూటర్లో ఎక్కించేది ఆమోసు. అతనూ ఆ అచ్చాఫీసు వాడే, పాత కంపోజిటరు. సున్నా చూశాడు. చేతులు నేర్చుకున్న పని చేతులు చేశాయి. చుక్కలన్నీ ఎక్కించాడు, సున్నాలోది ఎక్కించలేదు, కట్ట కట్టి పక్కన పెట్టాడు. ఫోర్‌మాన్ తీసుకుంటాడని. ఇక్కడ ఫోర్‌మాన్ లేడు. ఆ కుర్చీయే లేదు. కట్ట బీరువా మీదికి పోయింది. అక్టోబరులో పుస్తకం అచ్చయి వచ్చింది. నజీరా అట్ట చూసి, వాసన చూసి పక్కన పెట్టింది. అచ్చయిందంటే జవాబు వచ్చే ఉంటుందనుకుంది. పద్దెనిమిదేళ్ల అలవాటు ఆమెను కూడా మోసం చేసింది. అది ఆమె దాచుకోలేదు.

డిసెంబరు ఇరవై ఆరున, ఆఫీసు తలుపులు తీస్తుండగానే, మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. తెల్లచీర. ఎడమ చేతికి గడియారం. వేళ్లకు, క్రిస్మస్ స్టారుకు రంగుకాగితాలు అంటించిన మైదా జిగురు ఎండి ఇంకా అంటుకునే ఉంది. నజీరా చూపు ఆ వేళ్ల మీదే ఆగింది. ఆ వేలు తనకు తెలుసు.

"పామర్రు నుంచండీ. నర్సుని. నా పేరు సువార్తమ్మ," అందామె. "పండక్కి మా ఆసుపత్రి కొత్త సంవత్సరం దాకా మూసేస్తామండీ. డాక్టరమ్మ గారు కూడా ఉండరు. పని మిగల్చడం ఎందుకని ఇరవై నాలుగునే ముగింపు చేసేశాను. పుస్తకం పక్కన పెట్టుకునే చేశానండీ. తుడవమంది, తుడిచాను. కాపీ తియ్యమంది, తీశాను. ఫ్లాపీలో ఏమీ లేదు. మూడొందల పన్నెండు కాన్పులు."

జాన్ పాల్ ఇంజనీర్లను కూర్చోబెట్టాడు. ఆమె తెచ్చిన కంప్యూటర్ పెట్టెనూ ఫ్లాపీనీ గంట సేపు గుచ్చి గుచ్చి చూశారు. ఏమీ రాలేదు.

"కాగితం మీద రాసుకున్నది ఉంటుంది కదమ్మా?" అన్నాడు.

"కాగితాలతో పనేంటని మీ వాళ్లే కదండీ అన్నారు! కాన్పుల గదిలో బోర్డు మీద సుద్దతో రాసేదాన్ని, కంప్యూటర్లో ఎక్కించేదాన్ని, తుడిచేసేదాన్ని. క్రిస్మస్ ఆరాధనలో కూడా పాట నోటికి రాలేదండీ. రేపు ఏ తల్లయినా వచ్చి, అమ్మా, నా బిడ్డ ఏ పూట పుట్టాడంటే నేనేం చెప్పాలి?"

నజీరా ఆమెను కిటికీ దగ్గర తన కుర్చీలో కూర్చోబెట్టింది. కొత్త నోటుబుక్కు తీసింది.

"గుర్తున్నంత వరకు చెప్పండమ్మా. మీరు చదవండి, నేను రాస్తాను."

సువార్తమ్మ కళ్లు మూసుకుంది. "జుజ్జువరం. మరియమ్మ అనే అమ్మాయి. సంక్రాంతి వెళ్లిన మూడోనాడు. తెల్లారగట్ల, మంచు. మగబిడ్డ. రెండు కిలోల తొమ్మిదొందలు. పుట్టగానే తుమ్మాడు."

"తుమ్మాడు ఫుల్‌స్టాప్," అంది నజీరా.

సువార్తమ్మ కళ్లు తెరిచి, రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది. "అది కూడా రాస్తారేంటండీ?"

"మీకు గుర్తున్నది అందుకే కదా. చెప్పండి."

మధ్యాహ్నం ఎండ కాలవ మీద పడి, ఆఫీసు కప్పు మీద వెలుతురు అలలు అలలుగా కదిలింది. సువార్తమ్మ చెబుతోంది. కొమరవోలు కామా కవలపిల్లలు కామా కరెంటు పోయిన పూట. కాలవ గట్టు మీద ఆటోలోనే అయిపోయిన కాన్పు. ఏడవకుండా కళ్లు విప్పి చూసిన ఆడపిల్ల. నజీరా పెన్సిలు వెంట బిడ్డలు ఒక్కొక్కరే లాకు దాటి వచ్చి, నోటుబుక్కులో కుదురుగా పడుకుంటున్నారు. ఇంజనీర్లు కుర్చీలు లాక్కుని వచ్చి వింటున్నారు. ఎవరికీ నిద్ర రాలేదు.

యాభై నాలుగు దగ్గర సువార్తమ్మ ఆగిపోయింది. గుర్తు రావడం లేదని తల అడ్డంగా ఊపింది. మిగిలిన రెండొందల యాభై ఎనిమిది మంది లాకు అవతలి ఆ తెల్లటి ఖాళీలోనే ఉండిపోయారు. ఊరూరా తిరిగి అడగాలి ఇక.

అప్పుడు వచ్చాడు జాన్ పాల్, చేతిలో టైపు చేసిన కాగితంతో.

"నజీరా గారూ, ఇందులో ఒక సంతకం పెట్టండి. 'ముప్పై ఒకటో పేజీలో అచ్చుతప్పు దొర్లింది, ప్రూఫు చూసినవారి పొరపాటు' అని. జనవరిలో కొత్త పుస్తకంతో పాటు అందరికీ పంపుతాం. మీ ఉద్యోగానికేం కాదండీ, నాదీ పూచీ."

"జనవరిలోనా? మిగతా ముప్పై ఏడు ఆసుపత్రులూ ముగింపు చేసేది ఎప్పుడండీ?"

"ముప్పై ఒకటిన."

"ఇవాళ ఇరవై ఆరు."

"ఇప్పుడు ఫోన్లు చేశామనుకోండి, సాఫ్ట్‌వేరే తప్పంటారు. ఒక్కరు కూడా మన దగ్గర ఉండరు. అందరూ పుస్తకం చూసే చేస్తారా ఏంటండీ?"

"ఈమె చూసే చేసింది," అంది నజీరా.

ఆమోసు కుర్చీ ఎక్కాడు. బీరువా మీద కట్ట దించి, దుమ్ము దులిపి, ముప్పై ఒకటో పేజీ తీసి ఓనరు చేతిలో పెట్టాడు. ఎర్ర పెన్సిలు ఇంకా మాయలేదు.

"నజీరాక్క అడిగింది సార్. ఆగస్టులోనే అడిగింది. నేను చూశాను. ఎవరికివ్వాలో తెలియక పైన పెట్టాను. సంతకం ఎవరైనా పెట్టాలంటే నేను పెడతాను. అచ్చుతప్పని మాత్రం పెట్టను."

జాన్ పాల్ ఆ వాక్యం రెండుసార్లు చదివాడు. "ఇలా సున్నా చుడితే ఎవరికి తెలుస్తుందండీ? నోరు తెరిచి చెప్పాలి కదా!"

"చెప్పాల్సింది. అది నా తప్పే, ఒప్పుకుంటాను," అంది నజీరా. "కానీ ఇది అచ్చుతప్పు కాదు. అచ్చు బంగారంలా పడింది. చూడండి, చుక్క చుక్క చోట ఉంది. నేనే పెట్టాను. ఆ వాక్యాలు మీ ఇంజనీర్లు రాసినట్టు గజిబిజిగా ఉండుంటే ఈవిడ అనుమానపడి ఆగేది. నేను నున్నగా చేశాను కాబట్టి నమ్మింది. తప్పుడు మాటకు మంచి చుక్క పెట్టాను. ఇక పెట్టను."

ఆ సంతకం కాగితాన్ని మడిచి, సువార్తమ్మ తాగిన టీ గ్లాసు కింద పెట్టింది. గోడకున్న ఆసుపత్రుల జాబితా ఊడదీసింది. ఫోను జాన్ పాల్ ముందుకు జరిపి, రిసీవరు తీసి అతని చేతిలో పెట్టింది. అందులోంచి గుర్రుమని చప్పుడు వస్తోంది. సువార్తమ్మ కిటికీ దగ్గర నుంచి లేచి వచ్చి నిలబడింది. ఆ తెల్లచీర పక్కన నజీరాకు ఇంకా ముప్పై ఏడు తెల్లచీరలు కనిపించాయి. ముప్పై ఏడు వేళ్లు, ముప్పై ఏడు మీటల మీద, గాలిలో.

"ముప్పై ఏడు ఫోన్లు సార్. ఇవాళే. ఉత్తరం కాదు, చీటీ కాదు, జనవరి కాదు. మా పుస్తకం తప్పు, ముప్పై ఒకటో పేజీ చించెయ్యండి, ముందు కాపీ తీసి చూసుకున్నాకే తుడవండి. అదే చెప్పండి, మీ నోటితో, మీ పేరు చెప్పి. చెప్పడం అయ్యాక అవతలి మనిషి చేత ఒకసారి తిరిగి చెప్పించుకోండి. రేపు ఇద్దరు ఇంజనీర్లు ఈ నోటుబుక్కు పట్టుకుని పామర్రు బస్సెక్కాలి, మిగతా బిడ్డల్ని ఇల్లిల్లూ తిరిగి రాసుకుని రావాలి. ఆ పని తరువాత. ముందు కంకిపాడు. నంబరు నేను చదువుతాను. మీరు నొక్కండి."