లెక్కలోకి రాని అంబలి

తెల్లవారినా సూర్యుడు కనబడలేదు. మబ్బు కొండల మీంచి జారి హుకుంపేట రోడ్డు మీదే కూర్చుంది. తూర్పున ఒక్కచోట మాత్రం పల్చబడి, తడిగుడ్డ వెనక దీపం పెట్టినట్టు పచ్చగా ఉంది. ఆ మసకలోనే వరహాలు పరగడుపున ఆస్పత్రికి బయల్దేరాడు. కుడిపాదానికి కట్టు. పక్కన భార్య రాజులమ్మ.

అల్లం మడిలో గునపం జారి తగిలిన దెబ్బ అది. చిన్నదే. ఎన్ని కట్లు మార్చినా ఆరడం లేదు. పరగడుపు సుగరు దిగకపోతే పుండు మానదని, ముదిరితే వేలు తీసెయ్యాల్సి రావచ్చని కిందటిసారి డాక్టరుగారు చెప్పారు. వరహాలు పొలం కొండవాలు మీద ఉంది. వేలు పోతే ఆ వాలు మీద కాలు నిలవదు. ఆ భయం ఆయన ఎవరితోనూ అనలేదు. టీలో పంచదార మానేశాడు, అన్నం సగానికి తగ్గించాడు, దీపాలవేళకే తినేస్తున్నాడు. మాత్ర ఒక్కటీ తప్పలేదు.

నర్సు స్వర్ణ వేలికి సూది గుచ్చి, మిషను చూసి పెదవి విరిచింది.

"రెండొందలు దాటీసింది బాబాయ్. రాత్రి ఏటి తింటన్నావు?"

"అన్నం."

"ఎంత?"

వరహాలు ఒక అరచెయ్యి గిన్నెలా ముడిచి చూపించాడు.

"అబద్ధం కాదమ్మా, నానే పెడతన్నాను," అంది రాజులమ్మ. "మా పిల్లి దానికంటే ఎక్కువ తింటాది."

"తినీసి పడుకుంటన్నావా?"

"నేదు."

"మరేటి సేత్తన్నావు?"

"కూకుంటాను."

"ఎందాకా?"

"గుంటడు వచ్చేదాకా."

స్వర్ణ రాజులమ్మ వైపు చూసింది. రాజులమ్మ నవ్వేసింది. "ఈయన నోట్లోంచి మాట లాగడం కన్నా నూతిలో నీళ్ళు తోడ్డం నయం. మా గుంటడు ధర్మ జీపు తోల్తాడు గదా, పాడేరు నుంచి ఆఖరి ట్రిప్పు ఆడిదే. ఊరంతా పడుకున్నాక వత్తాడు. ఆడు తిన్నంతసేపూ ఈయన ఎదర కూకుంటాడు."

"ఉత్తినేనా?"

"ఉత్తినే ఎలా కూకుంటాడు? సేతిలో అంబలి సెంబుంటాది."

"అంబలా! మరి ఆ మాట సెప్పవేటి బాబాయ్?"

"తిండి గురించి అడిగినావు," అన్నాడు వరహాలు.

ఆ జవాబులో ఎకసెక్కం లేదు. చోడిపిండి, అంటే రాగిపిండి, కాచిన అంబలి ఆయనకి దాహానికి తాగేది. పొలంలో గట్టు మీద కుండ పెట్టుకుని మంచినీళ్ళకి బదులు తాగుతారు. దాన్ని తిండి లెక్కలో ఎవరూ వెయ్యరు.

"సోడి సుగరుకి మంచిదని మీరే గదమ్మా సెప్పినారు?" అంది రాజులమ్మ.

"అన్నం మానీసి తాగమన్నాం పిన్నీ. అన్నం మీద తాగమన్లేదు. సోడైనా పిండే గదా. పల్చగా కాచి తాగితే ఇంకా బేగి ఎక్కుతాది. తాగీసి పడక. తెల్లారగట్ల ఒళ్ళు తనంత తనే కొంత సుగరు వదుల్తాది. రెండూ కలిసి పొద్దున్న ఇలాగ పేరుకుంటన్నాయి."

డాక్టరుగారూ అదే అన్నారు. మాత్రలు మార్చకుండా, అంబలి ఆపి రెండు వారాలు చూద్దామన్నారు.

ఇంటికెళ్ళే దారిపొడుగునా వరహాలుకి ఒకటే ఆలోచన. అంబలి మానడం ఆయనకి కష్టం కాదు. కొడుకు దగ్గర ఉత్త చేతులతో ఎలా కూర్చోవడం? తినేవాడి ఎదుట ఏమీ పట్టుకోకుండా కూర్చుంటే దిష్టని వాళ్ళింట్లో పట్టింపు. అలాగని పగలంతా ఘాట్ రోడ్డు మీద తిరిగొచ్చిన బిడ్డని గోడకేసి చూస్తూ తినమనడమా?

ఆ రాత్రి వేణ్ణీళ్ళ గ్లాసు పట్టుకుని కూర్చున్నాడు. ధర్మ ముద్ద కలపబోతూ ఆగాడు.

"అదేటయ్యా?"

"నీళ్ళు."

"అంబలేదీ?"

రాజులమ్మే అంతా చెప్పింది. చెప్పి, "పెళ్ళాన్ని తెచ్చుకుంటే అది కూకుంటాది నీ ఎదర. మీ అయ్య బేగి పడుకుంటాడు," అని ఓ పోటు పొడిచింది. ధర్మ నవ్వలేదు. పుండు కట్టు వైపు చూశాడు. గబగబా తినేసి లేచిపోయాడు.

మర్నాడు దీపాలవేళకే జీపు వాకిట్లో ఆగింది.

"బండి పాడైందేట్రా?" అంది రాజులమ్మ కంగారుగా.

"నేదమ్మా. ఆఖరి ట్రిప్పు మా స్టాండు సాయినాథ్‌కి ఇచ్చీసినాను. ఆడి తెల్లారగట్ల ట్రిప్పు నాది. అయ్య నీళ్ళు పట్టుకుని నాకోసం కూకోనక్కర్నేదు, కలిసే తిందాం."

తెల్లవారుజాము ట్రిప్పంటే ఎవరూ ముందుకు రారు. మంచు, చలి, రెండడుగుల ముందు రోడ్డు కనపడదు. అందుకే సాయినాథ్ ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడట. "నిద్రమొకంతో ఎలా తోల్తావురా?" అని రాజులమ్మ అంటే, "బేగి తింటే బేగి పడుకుంటాను గదా," అన్నాడు ధర్మ.

అప్పటినుంచి రోజూ కోడి కుయ్యకముందే చలికి దగ్గుతూ ఇంజను లేచేది. వరహాలు దుప్పటిలోంచే ఆ చప్పుడు మలుపు దాటేదాకా వినేవాడు. తన వేలు కోసం వాడు తెల్లవారుజాము నిద్ర మానుకున్నాడు. పెంచిన చేతులతోనే ఆ పిల్లాడికి దణ్ణం పెట్టాలనిపించేది. పైకి మాత్రం, వాడి చలికోటుకి ఊడిన గుండీ కుట్టమని రాజులమ్మకి చెప్పాడు.

రెండు వారాల తర్వాత స్వర్ణ మిషను ఆయన కళ్ళ ముందే పెట్టింది. నూట ముప్ఫైకి దిగింది. కట్టు విప్పితే పుండు అంచులు ఎర్రగా, శుభ్రంగా దగ్గరికొస్తున్నాయి.

"వేలుకి భయం నేదు బాబాయ్. పుండు మానతంది. మాత్రలు మాత్రం మానకు," అంది డాక్టరుగారి మాటగా.

వరహాలు గొంతు సవరించుకున్నాడు. "నువ్వడిగినావు గాబట్టి తెలిసింది తల్లీ," అన్నాడు. అంత పొడుగు మాట విని రాజులమ్మ ఆయన మొహంలోకి చూసింది.

ఆ సాయంత్రం ముగ్గురూ వంటింట్లో కూర్చున్నారు. రాజులమ్మ రాజమా గింజల కూర, బచ్చలాకు పప్పు వడ్డించి, ఆయనకి చారెడు అన్నం పెట్టింది. ధర్మ కళ్ళు వేకువ నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. వరహాలు అవి చూశాడు. ఆస్పత్రి నుంచి దారంతా కూర్చుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి.

"ధర్మా."

"ఏటయ్యా?"

గింజల గిన్నె కొడుకు వైపు జరిపాడు. "తిను."

ధర్మ తండ్రి మొహం చూసి, తల వంచుకుని వడ్డించుకున్నాడు. ముగ్గురూ నెమ్మదిగా, కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.