దూకని పులి

మెదడు జ్వరం ద్వాళిని చంపలేదు. మిర్యాలగూడ దవాఖానలో డాక్టరు ఆ మాటనే గొప్పగా చెప్పాడు. "పిల్ల దక్కింది, అదే పదివేలు. మిగిలింది మెల్లమెల్లగ వస్తది" అన్నాడు. మిగిలింది అంటే ఏమిటో ఆయన చెప్పలేదు. తండాకు వచ్చాక ద్వాళికే తెలిసింది.

ఇంటికి చేరిన మర్నాడే తల్లి నీలా జొన్నపిండి ముందేసుకుని కూర్చుంటే, సాయం చేద్దామని లేచింది. తండాలో అమ్మను యాడీ అంటారు.

"యాడీ, గది యాడుంది? గదే... పిండి పోసి ఊపితే కిందికి రాలేది..."

జల్లెడ అన్న మాట రాలేదు. తండా భాషలోనూ రాలేదు, తెలుగులోనూ రాలేదు. చేతులు మాత్రం గాలిలో అటూ ఇటూ ఊగాయి. తల్లి నవ్వబోయి, కూతురి ముఖం చూసి ఆగిపోయింది. లేచి తనే జల్లెడ తెచ్చుకుంది. ఆ ఆగిపోయిన నవ్వు ద్వాళికి జ్వరం కన్నా ఎక్కువ మంటపెట్టింది.

మందుల కోసం కోదాడ వెళ్ళిన రోజు ఇంకా అన్యాయం. బస్సు మీద ఊరి పేరు ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదువుతూ నిలబడిపోయింది. కండక్టరు తలుపు దగ్గరి నుంచి కేకేశాడు. "ఎక్కుతావా లేదా అమ్మాయ్? నువ్వు బోర్డు వల్లెవేసేదాకా బస్సు ఆగుద్దా?" బస్సులో వాళ్ళంతా నవ్వారు. దసరాకు జ్వరం రాకముందు ఇదే పిల్ల, బస్సు మలుపు తిరగకముందే పేరు చదివి తండా వాళ్ళందరికీ చెప్పేది.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ కాలువ వంతెన దగ్గర తగిలింది.

తండా పక్క నుంచే సాగరు కాలువ పోతుంది. తూము దగ్గర సిమెంటు దిమ్మె మీద ఎవరో ఎప్పుడో మేకుతో పులి-మేక గీతలు గీశారు. మూడు పెంకు ముక్కలు పులులు, చింతగింజలు మేకలు. పులి ముందు మేక ఉండి, ఆ మేక వెనక ఖాళీ ఉంటే పులి దూకి మింగేస్తుంది. పులులు ఎటూ కదలకుండా మేకలు చుట్టుముడితే పులులను కట్టేసినట్టు. పులులు ఎప్పుడూ లస్కరు లాజరు తాతవే. తూము తలుపు తిప్పి పొలాలకు నీళ్ళు వదిలే పని ఆయనది. నీళ్ళు పారినంతసేపూ ఆట ఆడతాడు. ఆ దిమ్మెకు ఒక కట్టుబాటు ఉంది. చూసేవాళ్ళు నోరు తెరవకూడదు. ఎవరికి మాట సాయం చేస్తే, వాళ్ళ వైపు ఒక మేక పోయినట్టే.

లాజరు పులులను కట్టేసింది ఈ చుట్టుపక్కల ఒక్క ద్వాళే. అప్పట్లో ఆమె ఆలోచించేది కూడా కాదు. దిమ్మె వంక చూస్తే చాలు, తలుపు ఎత్తగానే నీళ్ళు పిల్లకాలువల్లోకి వాటంతటవే పరుగెత్తినట్టు, మూడెత్తుల ముందున్నది గీతల మీద పారుతూ కనబడేది. ఇప్పుడు చూస్తే గింజలు గింజల్లాగే ఉన్నాయి. గీతలు గీతల్లాగే ఉన్నాయి. ఎవరో తలుపు దించేశారు.

"పులులని కట్టేసెటి పిల్లవు, మేకలు గుడ నీ మాట ఇంటలేవా?" అని పక్కింటి చాందీ ఎకసెక్కమాడింది. ద్వాళికి జవాబు తట్టేసరికి చాందీ గడ్డిమోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇంతలో గరిడేపల్లి బడి నుంచి కబురు వచ్చింది. అర్ధసంవత్సర పరీక్షలకు రాకపోతే పదో తరగతిలో పేరు తీసేస్తారట.

"తీసేయనియ్" అన్నాడు తండ్రి హన్మా. "జల్లెడ పేరు యాదికి రాని పిల్ల పదో తరగతి ఏం రాస్తది? నలుగుట్ల నవ్వులపాలు గావద్దు. యాసంగి నాట్లకు నా ఎంబడి వస్తది."

ద్వాళి ఎప్పుడూ తండ్రికి ఎదురు మాట్లాడిన పిల్ల కాదు. గుంజను పట్టుకుని, మాట మాట ఏరుకుంటూ అంది. "బాపూ, లాజరు తాత పులులని కడితే పంపుతవా?"

హన్మా పార అందుకుంటూ అన్నాడు. "కట్టు. గప్పుడు సూద్దాం."

అప్పటి నుంచి రోజూ వంతెన దగ్గరే. రోజూ ఓటమే. లాజరు మేకలను మింగి పక్కన పెడుతుంటే, ఎక్కడ తప్పిందో కూడా తెలిసేది కాదు. తెలియకపోయినా మర్నాడు మళ్ళీ వెళ్ళేది.

ఒక సాయంత్రం గెలిచింది. హన్మా పొలం నుంచి వస్తూ, భుజం మీది పార దించకుండానే చివరిదాకా నిలబడి చూశాడు. మూడు పులులూ కట్టుబడ్డాయి. "అబ్బో, నా పని ఖతం!" అని లాజరు తలపాగా తీసి దులిపాడు. హన్మా ఇంటికి పోతూనే నీలాతో "బిడ్డ బడి బట్టలు ఉతుకు" అన్నాడు.

చీకటి పడకముందే ఆ బట్టలను ద్వాళే కాలువ మెట్ల దగ్గరికి తెచ్చుకుంది. సబ్బు రుద్దుతుంటే సంతోషం వస్తోంది గానీ, ఉప్పు వేయని కూరలా ఉంది. ఆట మళ్ళీ మనసులో తిప్పుకుంది. పై గీత మీద పులి, దాని ముందు తన మేక. ఆ మేక వెనక...

చేతిలోని లంగా నీళ్ళలోకి జారింది.

ఆ మేక వెనక ఖాళీ ఉంది. పులి దూకాలి. దూకలేదు, పక్కకు జరిగింది. లాజరు తాత అటువంటిది వదలడు. జాలిపడ్డాడు.

ముందు ఒళ్ళంతా కోపం వచ్చింది. కొట్టుకుపోతున్న లంగాను పరుగెత్తి పట్టుకుంది. దాన్ని పిండుతూ పిండుతూ ఇంకో సంగతి గమనించి నిలబడిపోయింది. దిమ్మె వంతెన మీద ఉంది, తను మెట్ల మీద ఉంది. అయినా ఏ గింజ ఎక్కడుందో కనబడుతోంది! జ్వరం వచ్చాక ఇదే మొదటిసారి. మునుపటిలా నీళ్ళు పారినట్టు రాలేదు. బావిలోంచి బిందెడు బిందెడు చేదుకున్నట్టు, భుజాలు నొప్పిపుట్టేలా వచ్చింది. కానీ వచ్చింది.

నోరు మూసుకుంటే బడి దక్కుతుంది. ఆ మాట కూడా ఆమెకు తోచకపోలేదు.

తెల్లారగానే లాజరు దగ్గరికి వెళ్ళి, గింజలు పేర్చి చూపింది. "తాతా, నిన్న గీ పులి ఎందుకు దుంకలే?"

లాజరు తూము చక్రం తిప్పుతూ దాని వంకే చూశాడు. "కండ్లు సరిగ్గ ఆనుతలేవు బిడ్డా. ముసలోణ్ని."

"మొన్నటిదాక నా మేకలన్నిటిని మింగిననాడు మంచిగనే ఆనినయి గదా?"

"అబ్బా, పరేషాన్ జేయకు. వచ్చిన నీళ్ళు పారిచ్చుకోవాలె గాని, యాడికెళ్ళి వచ్చినయని అడుగుతరా? బడికి పో."

"అడుగుత. రేపు బడిల సారు గుడ గిట్లనే జాలిపడి ఇడిసిపెడితే, నాకు ఏమొచ్చిందో ఏం పోయిందో నాకెట్ల ఎరుకైతది?"

లాజరు చక్రం వదిలేశాడు. జ్వరం వచ్చాక ఆ పిల్ల అంత పొడుగు మాట మాట్లాడగా ఆయన వినలేదు.

ద్వాళి వెళ్ళి తండ్రిని పిలుచుకొచ్చింది. "బాపూ, నిన్న నేను గెలువలే. తాతనే కావాలని ఓడిపోయిండు. ఇయ్యాల అసలు ఆట సూడు."

"గెలిచిన ఆటను ఎవరన్న చెడగొట్టుకుంటరానే?" అని హన్మా కసురుకున్నాడు. అయినా దిమ్మె పక్కన నిలబడ్డాడు. గడ్డికి పోతున్న చాందీ కూడా ఆగింది.

ఈసారి లాజరు వదలలేదు. దొరికిన మేకనల్లా మింగాడు. ద్వాళి తొందరపడలేదు. ఒక్కో ఎత్తుకూ కళ్ళు మూసుకుని, లోపల చేదుకుని, వేలు కదిపింది. ఎండ దిమ్మె మీదికి వచ్చేసరికి రెండు పులులు కట్టుబడ్డాయి. మూడోది ఒంటరిగా తిరుగుతోంది. ద్వాళి ఒక మేకను తీసుకెళ్ళి సరిగ్గా దాని నోటి ముందు పెట్టింది.

"అయ్యో, గాడ గాదు బిడ్డా!" అని హన్మా అరిచాడు.

పులి మీదికి పోయిన లాజరు చేయి ఆగింది.

"నోరు తెరిసినవ్ హన్మా" అన్నాడు లాజరు మెల్లగా. "ఓ మేక పాయె."

"నేను ఊకెనే అన్న లాజరన్నా..."

"ఊకె అన్నా అన్నట్టే. జాలిపడుడు వద్దని నీ బిడ్డనే అన్నది."

ఏ మేకను తీయాలో లాజరే చూపాడు. ద్వాళి వాదించలేదు, తన చేత్తోనే దాన్ని తీసి పక్కన పెట్టింది. పులి దూకింది, మూలలోకి పోయింది. దాని వెనక దారి మూయడానికి ఒక్క మేక తక్కువైంది. పులి బయటికి జారుకుని, మిగిలిన మేకలను తినేసింది.

"ఓడిపోయిన" అంది ద్వాళి. తల వంచలేదు.

హన్మా చేయి పట్టుకుని లాజరు ఆయనను దిమ్మె మీదికి వంచాడు. "సూడు. నా పులిని గీ మూలకు పిలిచింది నీ బిడ్డ. ఎరబెట్టి పిలిచింది. నీ నోటికి పోయిన మేక గీడ ఉంటుండె. ఉంటే నా పులి బయటికి రాకపోతుండె."

హన్మా ఆ ఖాళీ చోటును చాలాసేపు చూశాడు. తర్వాత కూతురిని చూశాడు.

"నీకు ముందుగాలనే ఎరికనా?"

"ఎరికే బాపూ. జర ఆలస్యం అయింది గాని, కనపడ్డది."

"మరి నాకెందుకు కనపళ్ళే?"

"నీకు జ్వరం రాలే గద కాకా" అంది చాందీ. లాజరు పకపకా నవ్వాడు. హన్మాకు నవ్వాలో కసరాలో తెలియక పార భుజానికెత్తుకున్నాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"గరిడేపల్లి బస్సు పొద్దుగాల ఎన్నింటికి?"

ద్వాళి చెప్పబోయింది. మాట వెంటనే రాలేదు. ఎవరూ అందించకుండా తనే వెతుక్కుని చెప్పింది. హన్మా అంతసేపూ ఆగాడు.

ఆయన గట్టు దిగాక, ద్వాళి చింతగింజలు దగ్గరికి చేర్చుకుంది. "ఇంకో ఆట, తాతా."

"తూము దించొస్త, ఆగు. ఈసారి గుడ ఇడువ, సూస్కో."

"ఇడువకు" అంది ద్వాళి. ఆ మూల గీత మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుంది.