ఆసుపత్రికెళ్ళిన ఇనప మూకుడు

నేను ఒక ఇనప మూకుణ్ణి. కుదురుగా కూర్చుని కథ చెప్పమంటే మాత్రం నా వల్ల కాదు. నా అడుగు గుండ్రం. పొయ్యి మీదో, గోడ మేకుకో తప్ప నాకు నిలకడ లేదు. గట్టు మీద పెట్టారా, ఎవరి మోచెయ్యి తగిలినా అటూ ఇటూ ఊగుతూనే ఉంటాను. నా మాటలూ అలాగే ఉంటాయి. ఓపికుంటే వినండి, లేకపోతే స్టీలు గిన్నెల దగ్గరికి వెళ్ళండి. అవి చాలా పద్ధతిగా మాట్లాడతాయి.

పెద్దాపురం దగ్గర భద్రాచారి కొలిమిలో పుట్టాను. మూతపడ్డ రైసుమిల్లులో బాయిలరు విప్పినప్పుడు వచ్చిన మందపాటి రేకు ముక్క నా పూర్వజన్మ. భద్రాచారి నన్ను ఎర్రగా కాల్చాడు, సుత్తితో మోదాడు, రెండు చెవులు తగిలించి చీలలు కొట్టాడు. ఆఖర్న అటూ ఇటూ తిప్పి చూసి, బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు. ఇదే మర్యాద మనిషికి చేస్తే పోలీసు కేసవుతుంది.

అక్కణ్ణుంచి సామర్లకోట స్టేషను రోడ్డులో సూరయ్యమ్మ బజ్జీల బండి మీదికి వచ్చాను. మనుషుల్ని నేను చదువుకున్నది అక్కడే. "నూనె వస్తువులు ఒంటికి పడవండీ" అంటూనే ఇంకో ప్లేటు మిరపకాయ బజ్జీ పట్టించేవాళ్ళు. తినేది నోరు, నింద నూనెకి. ఈ అలవాటు మనుషులకి ఎంత లోతుగా ఉందో నాకు తర్వాత ఇంకా బాగా తెలిసింది.

సూరయ్యమ్మకి మోకాళ్ళు పట్టేసి బండి మానేశాక, నన్ను తోమించి మేనకోడలు సత్యవేణికి ఇచ్చింది. సత్యవేణి కాన్పయి, పాలిపోయి, గోడ పట్టుకుని నడుస్తున్న రోజులవి. "దీంట్లో గోంగూరో, చింతకాయో, పుల్లటిదేదైనా వండుకో అమ్మడూ. నెత్తురు పడతాది" అని చెప్పింది. నిజమే. పులుపు తగిలితే నాలోని ఇనుము పిసరంత పులుసులోకి దిగుతుంది. అది నా స్వభావం, నేను పుణ్యానికి చేసేది కాదు.

సత్యవేణి చెప్పినట్టే వండింది. అయితే ఆ ఇంట్లో వడ్డనకి ఒక వరస ఉంది. ముందు మొగుడు, తర్వాత పిల్ల, ఆ తర్వాత మూకుడు గీకగా వచ్చింది సత్యవేణికి. కూర ఎవరి కోసం మొదలైందో ఏడాది తిరక్కుండానే అందరూ మర్చిపోయారు.

మొగుడి పేరు నూకరాజు. పెళ్ళి మేళంలో ట్రంపెట్ వాయిస్తాడు. అతను బుగ్గలు పూరించి ఒక స్వరం పట్టుకున్నాడంటే పెళ్ళికొడుకు కారు వీధి మలుపు తిరిగేదాకా వదిలేవాడు కాదని మేళం వాళ్ళు ఇంటికొచ్చి చెప్పుకునేవారు. సాధన చేసేటప్పుడు నేనూ విన్నాను. గోడకి వేలాడుతూ గణగణలాడేవాణ్ణి.

ఈ మేళాలకి మన వైపు ఒక ఆచారం ఉంది. ఊరేగింపు కదలాలంటే ముందు వాయించేవాళ్ళకి చుక్క పడాలి. అది పెళ్ళివారి మర్యాద. సీసా రాకపోతే పాట నీరసంగా నడుస్తుంది, వస్తే ఊరంతా నిద్రలేస్తుంది. అందుచేత నూకరాజు దాన్ని ఎన్నడూ తాగుడనుకోలేదు. అది అతనికి పనిలో భాగం.

నలభై దాటాక అతనికి నీరసం మొదలైంది. పొద్దున్న లేస్తే ఒళ్ళు బరువు, మెట్లెక్కితే ఆయాసం. పొట్ట మాత్రం ముందుకొచ్చింది. పట్టుకున్న స్వరం కారు మలుపు తిరక్కముందే తెగిపోతోంది. ఒక పెళ్ళిలో బ్యాండు మేస్త్రీ అతన్ని ముందు వరసలోంచి వెనక వరసకి జరిపాడు. ఆ రోజు నూకరాజు ఇంటికొచ్చి ట్రంపెట్ని సంచిలోంచి తియ్యకుండానే బీరువా మీద పడేశాడు. నాకు భలే దిగులేసింది. ఆ వాద్యం తప్ప అతనికి ఇంకో పని రాదు.

నీరసమనగానే మన జనానికి తెలిసిన జబ్బు ఒకటే, రక్తం తక్కువ. పరీక్ష చేయించాలని ఎవరికీ తోచలేదు. మందుల షాపులో అడిగితే ఐరన్ టానిక్ ఇచ్చారు. రక్తానికి రక్తమే మందని పక్కింటావిడ చెప్పింది. ఇహ చూసుకోండి, మేక కార్జం, రక్తం వేపుడు, గోంగూర పులుసు. ఆ పులుసు కూడా వండిన రోజున కాదు, నాలోనే రాత్రంతా ఊరనిచ్చి మర్నాడు పోసేది సత్యవేణి. నేను దిగడం పొయ్యి మీంచి, ఎక్కడం పొయ్యి మీదికి. ఒక్క పూట ఖాళీగా ఉండనిస్తే ఒట్టు. ఇంత చేసినా మనిషి కోలుకోడు. కోలుకోలేదు గనక ఇంకో గరిటె. సత్యవేణి గరిటె పట్టినప్పుడు నా అంచు గట్టిగా పట్టుకునేది, జారిపోయేది నేనే అన్నట్టు.

ఇంతలో మా పేటలో ఎవరో ఆరోగ్య శిబిరం పెట్టి రక్తపరీక్షలు చేశారు. నూకరాజుకి ఫెర్రిటిన్ అనేది వెయ్యి దాటిందని వచ్చింది. మగవాడికి అది మూడొందలకి అటూ ఇటూ ఉంటే చాలట. ఆ కాయితం చూసి మనవాడు ఏం చేశాడనుకున్నారు? సంబరపడ్డాడు. తక్కువనుకున్న ఇనుము దండిగా ఉందని తేలింది కదా. మేళం వాళ్ళని ఇంటికి పిలిచి చూపించాడు.

"అయితే నువ్వు ముగ్గురు మనుషుల పెట్టన్నమాట" అన్నాడు డోలు వాయించే అతను.

"మరేటనుకున్నావు" అన్నాడు నూకరాజు. ఆ సాయంత్రం నాలో కార్జం మళ్ళీ వేగింది.

ఆ సంబరం నాలుగు రోజులు కూడా నిలవలేదు. కుడివైపు డొక్కలో బరువు మొదలైంది. మందుల షాపతను కాయితం చూసి, టానిక్ సీసా చూసి, మొహం మార్చేసి, వెంటనే కాకినాడ వెళ్ళమన్నాడు. ఇంటికొచ్చి నూకరాజు వంటింటి గుమ్మంలో నిలబడి నా వైపు చూశాడు.

"ఒంట్లో ఇనుం ఎక్కువైందంటే ఇంకెక్కణ్ణుంచి వత్తాదే? ఇదిగో, ఇదే. పాతినుం వాడికి పారేసెయ్" అన్నాడు.

సత్యవేణి వెంటనే తలూపింది. అది నాకు ఎక్కువ బాధనిపించింది. ఆవిడ మొగుడి మీద వాసన ఎన్ని ముహూర్తాల నుంచి చూస్తోందో నాకు తెలుసు. కానీ మొగుణ్ణి అనడం కన్నా మూకుణ్ణి అనడం తేలిక. మూకుడు తిరిగి అనదు, అలిగి అన్నం మానదు.

అయినా నన్ను పారెయ్యలేదు. రుజువు చూపించాలని సత్యవేణి వైరు బుట్టలో పెట్టుకుని, మొగుడితో కలిసి బస్సెక్కింది. ఇనుము మీద నింద వేసి, ఇనప బస్సులో, ఇనప మూకుణ్ణి మోసుకెళ్ళారు. దారంతా నేను కుదుపులు తింటూనే ఉన్నాను. నిజంగా నేనేనా అన్న అనుమానం నన్నూ పట్టుకుంది.

డాక్టరమ్మ మళ్ళీ పరీక్షలు చేయించింది, పొట్టకి స్కానింగు తీయించింది. అవన్నీ వచ్చాక సత్యవేణి నన్ను బుట్టలోంచి తీసి ఆవిడ బల్ల మీద పెట్టింది. నేను ఊగాను. డాక్టరమ్మ నన్ను చేత్తో ఆపి, ఎందుకు తెచ్చారని అడిగింది.

"దీంట్లోనేనండి వండుతాను. దీనివల్లేనంటారా అండి?" అంది సత్యవేణి.

"ఫెర్రిటిన్ అంటే ఒంట్లో ఇనుము దాచుకునే గోదామమ్మా" అంది డాక్టరమ్మ. "ఇనుము ఎక్కువైనా పెరుగుతుంది. కానీ కాలేయం దెబ్బతిన్నా, ఒంట్లో వాపున్నా, సరుకు పెరక్కుండానే అంకె పెరుగుతుంది. అందుకే రక్తంలో తిరిగే ఇనుము ఎంతుందో వేరే పరీక్ష చేయించాను. అది మామూలుగానే ఉంది. కాలేయానికి మాత్రం కొవ్వు పట్టింది, వాచి ఉంది. ఆయాసానికి గుండె కూడా చూశాం, దానికి ఇబ్బంది లేదు. మీరు తాగుతారా నూకరాజు గారూ?"

"అబ్బే, అలవాటేం లేదండి. ముహూర్తాలప్పుడేనండి."

ఆవిడ మాటవరసకన్నట్టు ఇంకోటి అడిగింది. "మీ మేళానికి బాగా పేరుందటగా. నెలలో ఎన్ని పెళ్ళిళ్ళు తగులుతాయి?"

నూకరాజు ఛాతీ విరిచాడు. ఆ రోజుల్లో అతనికి ఎవరూ పేరున్నవాడివని చెప్పలేదు. "మాకు కాళీ ఎక్కడుంటాదండి. మాగం, పాల్గునం, వైశాకం ఊపిరాడదండి."

"మూఢంలో?"

"అప్పుడు జాతర్లుంటాయండి. అయ్యీ లేపోతే చావు మేళాలు. సీజనంటూ లేదండి. ఏడాదంతా..." అని ఆగిపోయాడు.

డాక్టరమ్మ రాసుకోవడం ఆపింది. సత్యవేణి నా చెవి పట్టుకుని నేలకేసి చూస్తోంది.

"రక్తం తీయించుకుంటే తగ్గిపోద్దంటగా అండి, పోన్లో చూశాను" అన్నాడు నూకరాజు చివరికి, నెమ్మదిగా.

"అది నిజంగా ఇనుమే పేరుకున్నవాళ్ళకి. మీకిప్పుడు అక్కర్లేదు. టానిక్ ఇవాళే ఆపండి. కార్జం, రక్తం వేపుడు మానండి. పొట్ట తగ్గించండి. మందు మాత్రం పూర్తిగా మానాలి. పెళ్ళైనా, చావైనా. మానితే కాలేయం కోలుకునే వీలుంది. మానకపోతే ట్రంపెట్ సంగతి అలా ఉంచండి, మనిషే మిగలడు. మూడు నెలలయ్యాక మళ్ళీ చూద్దాం."

తర్వాత డాక్టరమ్మ నన్ను సత్యవేణికి అందించబోతూ ఆగి, ఆమె కింది కనురెప్ప వేలితో లాగి చూసింది. అప్పటికప్పుడే రక్తం తీయించింది. సత్యవేణికి నెత్తురు ఉండాల్సిన దాంట్లో సగానికి కాస్త పైన ఉందంతే. మొగుడికి వద్దన్న ఐరన్ బిళ్ళలే పెళ్ళానికి రాసి, టీతో కలిపి మింగకమ్మా అని చెప్పింది. "మూకుడు పారెయ్యకు. అతనికి వేరే గిన్నెలో వండు. ఇది నీకు పనికొస్తుంది."

ఒకే పొయ్యి, ఒకే పులుసు. అక్కర్లేనివాడికి కడుపునిండా పడింది, కావలసిన మనిషికి అడుగున మాడింది. నేను నిర్దోషినని తేలినా నాకు ఏం సంతోషం కలగలేదు.

ఆ తర్వాత నూకరాజు పాపం గట్టిగానే ప్రయత్నించాడు. సీసా వచ్చినప్పుడు సోడా తాగేవాడట. మేళం వాళ్ళు ఎగతాళి చేసేవారట. సత్యవేణికి మాత్రం నమ్మకం చిక్కలేదు. అతను పెళ్ళి నుంచి తిరిగొచ్చేదాకా అన్నం ముట్టేది కాదు. రాగానే గుమ్మంలో నిలబెట్టి "ఊదండి" అనేది. పెళ్ళివారికి ఊదొచ్చినవాడు ఇంటికొచ్చి పెళ్ళానికి ఊదాలి. ఊదాక ఆవిడ చల్లారిన అన్నంలో నాలుగు మెతుకులు కెలికి లేచేది. బిళ్ళ వేసుకోవడం మర్చిపోయేది. నా పక్కన అతని స్టీలు గిన్నె నిగనిగలాడుతుంటే, నాలో వండింది నాలోనే ఉండిపోయి, నేను ఊగుతూ ఎదురుచూసేవాణ్ణి.

మూడు నెలలయ్యాక కాకినాడ వెళ్ళొచ్చారు. ఈసారి నన్ను తీసుకెళ్ళలేదు. ఇంటికొచ్చాక ఆ మాటా ఈ మాటా వింటే తెలిసింది, అతని అంకె సగానికి పడిపోయింది, కాలేయం వాపు తగ్గింది. ఆవిడ నెత్తురు మాత్రం వీసమెత్తు పెరగలేదు. సత్యవేణి ఆ రెండు కాయితాలూ గట్టు మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఏడవలేదు. కోపం వచ్చినట్టూ లేదు.

మర్నాడు పిఠాపురంలో పగటి ముహూర్తం. నూకరాజు వెళ్ళాడు. ఆవిడ గోంగూర కడిగి నన్ను పొయ్యి మీద పెట్టింది. పులుసు ఉడికి, పొగలు కక్కుతుండగానే దించి, తన కంచం తెచ్చుకుంది. అతను రాలేదు, ఇంకా చాలా సేపటికి గాని రాడు. ఆవిడ నిండు గరిటె వేసుకుంది. నూనె తేలిన భాగం, ముక్కలున్న భాగం. కంచం ముందు కూర్చుని తినడం మొదలుపెట్టింది. నేను ఈ ఇంటికొచ్చిన ఇన్నేళ్ళలో ఆ కంచంలో పై గరిటె పడడం చూడలేదు.

ఊరేగింపు తొందరగా ముగిసిందేమో, అనుకున్నదానికన్నా ముందే నూకరాజు వచ్చేశాడు. నడక తిన్నగా ఉంది. మొహంలో వెలుగుంది, ముందు వరసలో నిలబెట్టినట్టున్నారు. చంకలో ట్రంపెట్ సంచితో గుమ్మంలో ఆగి, అలవాటు ప్రకారం మొహం ముందుకి చాపి ఊదాడు.

సత్యవేణి తల ఎత్తలేదు. ముద్ద కలుపుకుంటోంది.

అతను ఇంకోసారి ఊదాడు, ఈసారి కాస్త గట్టిగా. "సూడవే" అన్నాడు.

"మీ ఒంటి సంగతి మీకు తెలుసు కదండీ" అంది ఆవిడ. ఇంకో గరిటె వేసుకుంది.

నూకరాజు సంచి కింద పెట్టి, ఆవిడ తినడం పూర్తయ్యేదాకా గుమ్మంలోనే కూర్చున్నాడు.